రాబిన్సన్ కంటే 63 ఏళ్ల ముందు: క్యాచర్ ఫ్లీట్ వాకర్ కెరీర్‌లోని చిక్కుముడులు

ఏటా ఏప్రిల్ 15న అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ప్రతి ఆటగాడూ 42 నంబరు జెర్సీతోనే మైదానంలోకి వస్తాడు. అది జాకీ రాబిన్సన్ నంబరు. 1947లో అదే రోజున అతను బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున తన తొలి మ్యాచ్ ఆడాడు. మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనేనని ఆ రోజు చాలాచోట్ల రాస్తారు. ‘కాదు, 1884లోనే మోసెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడాడు’ అని ఇంకొకరు సరిదిద్దుతారు. 1879లో ఒకే ఒక్క మ్యాచ్ ఆడిన విలియం ఎడ్వర్డ్ వైట్ సంగతేమిటని మరొకరు అడుగుతారు. 2024లో పాత నీగ్రో లీగ్‌ల (నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన లీగ్‌లు) అంకెలను మేజర్ లీగ్ తన అధికారిక లెక్కల్లో కలిపాక, ఈ మూడు పేర్ల మధ్య గందరగోళం ఇంకాస్త పెరిగింది.

ఈ ముగ్గురిలో ఎక్కువ అపార్థానికి గురైనవాడు వాకర్. అతని పేరు ఒక క్విజ్ జవాబుగా మిగిలిపోయింది తప్ప, అతను చేసిన పని ఏమిటో, ఆ పని ఎంత కష్టమో, అతన్ని బయటికి నెట్టిన పద్ధతి ఎలా నడిచిందో పెద్దగా ఎవరూ వివరించరు. ముందుగా లీగ్‌ల లెక్క చూద్దాం.

1884లో ‘మేజర్ లీగ్’ అంటే ఏది?

ఇవాళ మేజర్ లీగ్ ఒకే సంస్థ. ఆనాడు అలా కాదు. 1876లో మొదలైన నేషనల్ లీగ్ ఒకటి, 1882లో దానికి పోటీగా వచ్చిన అమెరికన్ అసోసియేషన్ ఒకటి, 1884లో ఒక్క సీజన్ మాత్రమే బతికిన యూనియన్ అసోసియేషన్ మరొకటి. వీటి కింద చిన్న లీగ్‌లు బోలెడు. పాత లీగ్‌లలో వేటిని ‘మేజర్’గా లెక్కించాలన్నది ఆ కాలంలో తేలిన విషయం కాదు. 1969లో బేస్‌బాల్ రికార్డుల కోసం వేసిన ప్రత్యేక కమిటీ ఆ జాబితా తేల్చింది. పై మూడింటికీ అందులో చోటు దక్కింది.

వాకర్ విషయంలో ఇదే కీలకం. అతను 1883లో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో జట్టుకు ఆడాడు. అప్పుడు ఆ జట్టు నార్త్‌వెస్టర్న్ లీగ్‌లో ఉంది, అది మైనర్ లీగ్. టొలీడో ఆ ఏడాది విజేతగా నిలిచింది. మరుసటి ఏడాది అమెరికన్ అసోసియేషన్ తన జట్ల సంఖ్యను పెంచుకుంటూ టొలీడోను చేర్చుకుంది. దాంతో క్లబ్బు మారకుండానే వాకర్ మేజర్ లీగ్ ఆటగాడయ్యాడు. 1884 మే 1న లూయీవిల్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. అసోసియేషన్ విస్తరణ ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ‘మొదటివాడు ఎవరు’ అన్న చర్చలోకి అతని పేరే వచ్చేది కాదేమో.

2020 డిసెంబరులో మేజర్ లీగ్ సంస్థ 1920 నుంచి 1948 వరకు నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లకు మేజర్ హోదా ఇచ్చింది. 2024 మేలో వాటి అంకెలు అధికారిక పట్టికల్లోకి వచ్చాయి. .372 బ్యాటింగ్ సగటుతో నీగ్రో లీగ్‌ల ఆటగాడు జాష్ గిబ్సన్, అంతవరకు పట్టికలో ముందున్న టై కాబ్‌ను (.367) దాటేశాడు. గిబ్సన్ కూడా క్యాచరే. ఈ నిర్ణయంతో వాకర్ అంకెల్లో ఏమీ మారలేదు. అతను ఆడిన 1884 సీజన్ 1969 నుంచే మేజర్ లెక్కలో ఉంది.

వట్టి చేతులతో చేసే ఉద్యోగం

క్రికెట్ తెలిసినవారికి క్యాచర్‌ను పరిచయం చేయాలంటే వికెట్ కీపర్ దగ్గరి పోలిక. అయితే తేడాలు పెద్దవి. బేస్‌బాల్‌లో బంతి నేలకు తగలకుండా నేరుగా వస్తుంది. బ్యాటర్ కొట్టని ప్రతి బంతినీ క్యాచరే అందుకోవాలి. ఏ రకం బంతి వేయాలో వేళ్ల సైగతో పిచర్‌కు, అంటే బంతి వేసేవాడికి, చెప్పేది కూడా అతనే.

1884లో పిచర్ నిలబడే బాక్స్ ముందు గీత బ్యాటర్ నిలబడే చోటైన హోమ్ బేస్‌కు 50 అడుగుల దూరంలో ఉండేది. ఇప్పుడున్న 60 అడుగుల 6 అంగుళాల దూరం 1893లో వచ్చింది. ఈ తేడా ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. బంతి గంటకు 120 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. అంటే సెకనుకు 33.3 మీటర్లు. 50 అడుగులు, అంటే 15.24 మీటర్లు దాటడానికి దానికి సుమారు 0.46 సెకను పడుతుంది. నేటి దూరమైన 18.44 మీటర్లకు 0.55 సెకను. ఆనాటి అసలు వేగాలను కొలిచినవారు లేరు కాబట్టి ఇది ఊహాలెక్కే. కానీ వేగం ఏదైనా, క్యాచర్ చేతుల్ని సర్దుకోవడానికి దొరికే సమయంలో ఆరోవంతు తగ్గిపోతుంది.

ఇక రక్షణ సామగ్రి. ముఖానికి తీగల మాస్క్ 1877లో హార్వర్డ్ ఆటగాడు ఫ్రెడ్ థేయర్ చేతుల మీదుగా వచ్చింది, 1878లో పేటెంటు దొరికింది. ఛాతీ కవచం 1880ల తొలి సగంలో అప్పుడప్పుడే కనిపిస్తోంది. మోకాలి కింది ఎముకను కాపాడే ప్యాడ్లను రోజర్ బ్రెస్నహన్ వాడి అందరికీ తెలిసేలా చేసింది 1907లో. అన్నిటికంటే ముఖ్యమైనది మెత్త కుట్టిన పెద్ద క్యాచర్ గ్లవ్. అది 1880ల చివర్లో గానీ రాలేదు. వాకర్ కొన్నిసార్లు వేళ్లు కత్తిరించిన, అరచేతిలో పలచగా మెత్త పెట్టిన గొర్రెతోలు గ్లవ్స్ వేసుకునేవాడు. ఎక్కువసార్లు వట్టి చేతులే.

ప్రమాదం ఎక్కడ వస్తుందో చూడండి. బేస్‌ల (పరుగు కోసం వరుసగా తాకాల్సిన స్థానాలు) మీద ప్రత్యర్థి రన్నర్ ఎవరూ లేనప్పుడు క్యాచర్ బ్యాటర్‌కు బాగా వెనక నిలబడి, బంతిని ఒక స్టెప్ పడ్డాక పట్టుకోవచ్చు, చేతులు బతుకుతాయి. రన్నర్ ఉంటే అలా కుదరదు, అతను తర్వాతి బేస్‌కు పరుగెత్తితే క్యాచర్ అక్కడికి బంతి విసరాలి. హోమ్ నుంచి రెండో బేస్‌కు 127 అడుగులకు పైగా దూరం, వెనక్కి జరిగిన ప్రతి అడుగూ ఆ త్రోను పొడిగిస్తుంది. బ్యాటర్ సరైన బంతిని కొట్టలేకపోతే స్ట్రైక్ అంటారు, మూడు పడితే ఔట్. రెండు స్ట్రైక్‌లు పడ్డాక కూడా దగ్గరికే రావాలి, ఎందుకంటే మూడో స్ట్రైక్‌ను క్యాచర్ పట్టలేకపోతే బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తవచ్చు. అంటే ఆట బిగిసే క్షణాల్లోనే క్యాచర్ బ్యాటుకు అతి దగ్గరగా ఉండాలి. అక్కడ బంతి బ్యాటు అంచును రాసుకుని దిశ మార్చుకుంటే, దాన్ని ఫౌల్ టిప్ అంటారు, చెయ్యి కదిలించే వ్యవధి ఉండదు. వేలి కొనకు సూటిగా తగిలితే కీలు తొలగుతుంది, గోరు చీలుతుంది. పక్కటెముకలకు తగిలితే విరుగుతాయి. 1884 జూలైలో వాకర్‌కు జరిగింది అదే.

ఈ పనికి ఎలాంటి చేతులు కావాలో 1881 నాటి ఒక మ్యాచ్ చెబుతుంది. అప్పటికి వాకర్ ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీ విద్యార్థి. క్లీవ్‌లాండ్‌లోని వైట్ కుట్టుమిషన్ కంపెనీ జట్టుతో లూయీవిల్ వెళ్లాడు. నల్లజాతివాడన్న కారణంతో ఆతిథ్య జట్టు అతన్ని ఆడనివ్వలేదు. అతని బదులు క్యాచర్‌గా దిగిన ఆటగాడు ఒక్క ఇన్నింగ్స్‌కే (బేస్‌బాల్ మ్యాచ్‌లో మామూలుగా తొమ్మిది ఉంటాయి) చేతులు వాచి, ఇక తనవల్ల కాదన్నాడు. ప్రేక్షకులు వాకర్‌ను దించమని కేకలు వేశారు. అతను వచ్చి కొన్ని బంతులు పట్టి చూపించాడు. అయినా లూయీవిల్ ఆటగాళ్లు కొందరు అభ్యంతరపెట్టారు. చివరికి మూడో బేస్ ఆటగాడు ఆ స్థానంలో నిలబడాల్సి వచ్చింది, క్లీవ్‌లాండ్ ఓడిపోయింది.

42 మ్యాచ్‌ల అంకెలను ఎలా చదవాలి?

1884లో వాకర్ 42 మ్యాచ్‌లు ఆడాడు. 152 సార్లు బ్యాటింగ్ లెక్కలోకి వచ్చాడు, 40 హిట్లు (క్షేమంగా బేస్ చేరేలా కొట్టిన దెబ్బలు) కొట్టాడు. బ్యాటింగ్ సగటు అంటే హిట్లను ఆ సంఖ్యతో భాగించడమే: 40 ÷ 152 = .263. క్రికెట్ సగటులా ఇది పరుగుల లెక్క కాదు, ప్రతి వంద ప్రయత్నాల్లో 26 సార్లు సఫలమయ్యాడని అర్థం. పిచర్లది పైచేయిగా ఉన్న ఆ ఏడాది లీగ్ మొత్తం సగటు దీనికంటే తక్కువ. క్యాచర్లలో బాగా బ్యాటింగ్ చేసేవారు అరుదు కాబట్టి .263 గౌరవప్రదమైన అంకెకు ఒక మెట్టు పైనే.

టొలీడో ఆ సీజన్‌లో 46 గెలిచి 58 ఓడింది. అంటే వంద పైచిలుకు మ్యాచ్‌లలో వాకర్ ఆడింది సగానికన్నా తక్కువ. దీన్ని అసమర్థతగానో, కేవలం వివక్షగానో చదివితే పొరపాటు. ఆ రోజుల్లో ఏ క్యాచరూ రోజూ ఆడలేడు, చేతులు ఒప్పుకోవు. ఆ ఏడాదే టొలీడోలో మొదలుపెట్టి 1912 దాకా మేజర్ లీగ్‌లలో కనిపించిన డీకన్ మెగ్వైర్ కూడా ఈ పనిని వాకర్‌తో పంచుకున్నాడు.

ఫీల్డింగ్ అంకెలు వేరే కథ. క్యాచర్ ఆపగలిగి ఉండాల్సిన బంతి వెనక్కి పోయి రన్నర్ ముందుకెళ్తే దాన్ని ‘పాస్డ్ బాల్’ అని క్యాచర్ ఖాతాలో రాస్తారు. వాకర్ ఖాతాలో అవి చాలానే ఉన్నాయి. వట్టి చేతుల కాలం కాబట్టి మిగతా క్యాచర్లకూ ఉన్నాయి. అయితే వాకర్ విషయంలో ఇంకో కారణం ఉంది, దాన్ని చెప్పింది స్వయంగా అతని పిచర్.

సైగను పట్టించుకోని పిచర్

టోనీ ముల్లేన్ టొలీడో ప్రధాన పిచర్. జట్టు గెలిచిన 46లో 36 అతని ఖాతాలోవే. 1919లో ఒక పత్రికకు అతను చెప్పిన మాటల సారాంశం ఇది: తనతో కలిసి ఆడిన క్యాచర్లలో వాకర్ అత్యుత్తముడు, కానీ తనకు నల్లవాళ్లంటే గిట్టేది కాదు, అందుకే అతని సైగలు చూడకుండా ఇష్టమొచ్చిన బంతి వేసేవాడు. ఒకసారి వాకర్ కర్వ్ (వంపు తిరిగే బంతి) అడిగితే ఫాస్ట్ బాల్ వేశాడు. వాకర్ దాన్ని పట్టుకుని ముందుకొచ్చి, సైగలు లేకుండానే పడతాను గానీ సైగ చేశాక దానికి వ్యతిరేకంగా వేస్తే మాత్రం పట్టనని చెప్పాడు. ఆ తర్వాత సీజన్ పొడుగునా ఏ బంతి వస్తుందో తెలియకుండానే పట్టాడు.

ఇందులో ఉన్న ప్రమాదం అర్థం కావాలంటే ఒక బంతిని ఊహించుకుందాం. కుడిచేతి పిచర్ కర్వ్ వేస్తే అది కుడిచేతి బ్యాటర్ నుంచి దూరంగా వంగుతుంది. సైగ చేసిన క్యాచర్ బరువును ముందే ఆ వైపు కాలి మీదికి మార్చుకుంటాడు. అరచేతులు కలిపి, వేళ్ల కొనలు బంతికి ఎదురుగా లేకుండా తిప్పి పెట్టుకుంటాడు. ఇప్పుడు అదే క్షణంలో వేగవంతమైన బంతి వంపు లేకుండా లోపలి వైపు వచ్చిందనుకోండి. చేతులు అడుగు దూరం వెనక్కి రావాలి. అవి వచ్చేది వేళ్లు ముందు పెట్టుకునే. వేలు విరగడానికి అంతకంటే అనువైన భంగిమ లేదు. వాకర్ అడిగిన ఒప్పందం అందుకే వృత్తిపరంగా చాలా తెలివైనది. తప్పుడు సమాచారంతో సిద్ధపడటం కంటే ఏ సమాచారమూ లేకుండా మధ్యస్థంగా నిలబడటం మేలు.

ముల్లేన్ మాటలు 35 ఏళ్ల తర్వాత చెప్పినవి. వాటితో వాకర్ పాస్డ్ బాల్స్ అన్నిటినీ మాఫీ చేయలేం. కానీ ఆ అంకెను మరో క్యాచర్ అంకె పక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదన్నంత వరకు అవి సరిపోతాయి.

ఎక్కడా రాయని నిషేధం ఎలా పనిచేసింది?

నల్లజాతివారిని బయట ఉంచిన ఆ అడ్డుగోడను అమెరికన్లు ‘కలర్ లైన్’ అంటారు. మేజర్ లీగ్ నిబంధనల పుస్తకంలో అలాంటి వాక్యం ఎన్నడూ లేదు. మరి అరవై ఏళ్లు ఎలా నిలిచింది?

రాసిన ఉదాహరణలు మేజర్ లీగ్‌ల బయట ఉన్నాయి. 1867 డిసెంబరులో అమెచ్యూర్ క్లబ్బుల జాతీయ సంఘం, ఒక్క నల్లజాతి సభ్యుడున్న క్లబ్బునైనా చేర్చుకోకూడదని నిర్ణయించింది. 1883 మార్చిలో నార్త్‌వెస్టర్న్ లీగ్ సమావేశంలో పియోరియా ప్రతినిధి ఇలాంటి ప్రతిపాదనే తెచ్చాడు. అది గురిపెట్టింది వాకర్‌ను. వాదోపవాదాల తర్వాత అది వీగిపోయింది, వాకర్ ఆడాడు.

అసలు మలుపు 1887. వాకర్ అప్పుడు ఇంటర్నేషనల్ లీగ్ అనే మైనర్ లీగ్‌లో న్యూవర్క్ జట్టు క్యాచర్. పిచర్ జార్జ్ స్టోవీ కూడా నల్లజాతివాడే. ఆ లీగ్‌లో అదే ఏడాది ఫ్రాంక్ గ్రాంట్, బడ్ ఫౌలర్, రాబర్ట్ హిగిన్స్ వంటివారూ ఆడుతున్నారు. జూలై 14న బఫెలోలో సమావేశమైన లీగ్ డైరెక్టర్లు ఇకమీదట నల్లజాతి ఆటగాళ్ల కాంట్రాక్టులను ఆమోదించకూడదని 6-4 ఓట్లతో తీర్మానించారు.

ఈ తీర్మానం ఆటగాణ్ని నేరుగా తాకదు, కాగితాన్ని తాకుతుంది. క్లబ్బు, ఆటగాడు సంతకాలు చేసిన కాంట్రాక్టు లీగ్ ఆమోదిస్తేనే చెల్లుతుంది. ఆమోదం ఆపేస్తే చాలు, ఎవరినీ వెళ్లగొట్టనక్కర్లేదు. ఉన్నవారి కాంట్రాక్టులు ముగుస్తాయి, కొత్తవారు రారు. తీర్మానం వెంటనే పూర్తిగా అమలైందా అంటే కాలేదు. 1888లో వాకర్ సిరాక్యూస్ జట్టులో ఉన్నాడు, ఆ జట్టు ఆ ఏడాది లీగ్ గెలిచింది. కానీ ప్రతి క్లబ్బు యజమానికీ సందేశం అందింది: ఈ సంతకంతో తలనొప్పులుంటాయి. 1888 ఫిబ్రవరిలో ట్రై-స్టేట్ లీగ్ కూడా నల్లజాతి ఆటగాళ్లకు ఉన్న అనుమతిని తొలగించింది. అప్పుడు వాకర్ తమ్ముడు వెల్డీ బహిరంగ లేఖ రాసి, నల్లవాళ్ల టికెట్ డబ్బులు తీసుకునే ఆట వారి ఆటగాళ్లను ఎందుకు వద్దంటోందని నిలదీశాడు. వెల్డీ కూడా 1884లో టొలీడోకు ఐదు మ్యాచ్‌లు ఆడినవాడే.

తప్పంతా ఆన్సన్‌దేనా?

షికాగో కెప్టెన్, మేనేజర్ క్యాప్ ఆన్సన్ పేరు ఈ కథలో తప్పక వస్తుంది. 1883 ఆగస్టు 10న షికాగో జట్టు టొలీడోకు ప్రదర్శన మ్యాచ్ కోసం వచ్చింది. నల్లజాతివాడు ఉంటే ఆడనని ఆన్సన్ పట్టుబట్టాడు. నిజానికి ఆ రోజు చేతుల నొప్పి వల్ల వాకర్‌కు విశ్రాంతి ఇచ్చారు. ఆన్సన్ బెదిరింపు విన్న టొలీడో మేనేజర్ చార్లీ మోర్టన్ కావాలనే వాకర్‌ను రైట్ ఫీల్డ్‌లో దించాడు, ఆడకపోతే గేటు వసూళ్లలో వాటా రాదన్నాడు. ఆన్సన్ ఆడాడు. పది ఇన్నింగ్స్‌లలో షికాగో 7-6తో గెలిచింది.

1887 జూలై 14న, బఫెలోలో ఓటింగ్ జరిగిన రోజే, ఆన్సన్ జట్టు న్యూవర్క్ వచ్చింది. ఈసారి వాకర్, స్టోవీ ఇద్దరూ దిగలేదు. నాలుగేళ్లలో గాలి ఎటు మళ్లిందో ఈ రెండు మ్యాచ్‌లు చూపిస్తాయి.

ఒక వాదన ప్రకారం కలర్ లైన్ కర్త ఆన్సనే. అతను ఆ కాలపు అత్యంత ప్రసిద్ధ ఆటగాడు, అతని మొండితనం అందరికీ దారి చూపింది. అప్పటి నల్లజాతి ఆటగాడు సోల్ వైట్ 1907లో ఆట చరిత్ర రాస్తూ ప్రధానంగా అతన్నే తప్పుపట్టాడు. రెండో వాదన: ఆన్సన్‌కు ఇంటర్నేషనల్ లీగ్‌లో ఓటే లేదు. 1867 నాటికి అతను పదిహేనేళ్ల కుర్రాడు. 1881లో లూయీవిల్‌లో అతను లేడు. ఒక్కడి మాటకు ఇన్ని లీగ్‌లు తలొగ్గాయంటే అవి ముందే సిద్ధంగా ఉన్నాయన్నమాట. ఈ రెండోదే బలమైనది. ఆన్సన్ చేసినదానికి అతనే బాధ్యుడు, కానీ అతన్ని ఏకైక విలన్‌ను చేస్తే ఓటు వేసిన ఆరుగురు డైరెక్టర్లు చరిత్రలోంచి సులభంగా తప్పించుకుంటారు.

1884 సెప్టెంబరులో ఎందుకు తప్పించారు?

సెప్టెంబరు 22న టొలీడో వాకర్‌ను విడుదల చేసింది. దీనికి కొన్ని రోజుల ముందు, సెప్టెంబరు 5 తేదీతో, వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి మోర్టన్‌కు ఒక లేఖ వచ్చింది. వాకర్ ఆట దుస్తుల్లో అక్కడి మైదానంలో కనిపిస్తే 75 మంది దాడి చేస్తారని దాని సారాంశం. ఈ రెండు తేదీలను కలిపి, బెదిరింపు వల్లే తీసేశారని చాలామంది రాస్తారు.

ఎదురు ఆధారాలు కూడా గట్టివే. జూలైలో విరిగిన పక్కటెముకతో అతను అప్పటికే సరిగా ఆడలేకపోతున్నాడు. టొలీడో ఆర్థికంగా కుంగిపోయింది, సీజన్ ముగిశాక లీగ్‌లోంచే పోయింది. అసోసియేషన్ 1885లో ఎనిమిది జట్లకు కుదించుకుంది. కాబట్టి విడుదలకు గాయం, డబ్బు సరిపోయే కారణాలు. వివక్షను వెతకాల్సింది తర్వాతి నెలల్లో. సగటు కంటే బాగా బ్యాటింగ్ చేసిన, 28 ఏళ్ల, చదువుకున్న క్యాచర్‌ను మిగిలిన ఎనిమిది జట్లలో ఒక్కటీ తీసుకోలేదు. అతను క్లీవ్‌లాండ్, వాటర్‌బరీ, న్యూవర్క్, సిరాక్యూస్ అంటూ మైనర్ లీగ్‌లలోనే ఆడాడు. 1889 ఆగస్టులో సిరాక్యూస్ అతన్ని వదిలేసింది. బ్యాటింగ్ బాగా పడిపోయింది కాబట్టి అది అనూహ్యమేమీ కాదు. కానీ ఆ తర్వాత ఇంటర్నేషనల్ లీగ్‌లో మరో నల్లజాతి ఆటగాడు దిగడానికి 1946 రావాల్సి వచ్చింది. అతనే మాంట్రియల్ జట్టుతో వచ్చిన జాకీ రాబిన్సన్.

వాకర్ తర్వాతి జీవితం కల్లోలమైనది. 1891లో సిరాక్యూస్‌లో ఒక ఘర్షణలో ఒకరిని కత్తితో పొడిచి చంపిన కేసులో, ఆత్మరక్షణ వాదనతో నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత ఒహాయోలో థియేటర్ నడిపాడు, పేటెంట్లు పొందాడు. 1908లో, నల్లజాతివారు ఆఫ్రికాకు వెళ్లిపోవడమే మార్గమని ఒక పుస్తకం రాశాడు. 1924 మే 11న క్లీవ్‌లాండ్‌లో మరణించాడు.

మరి మొదటివాడు ఎవరు?

1879 జూన్ 21న నేషనల్ లీగ్‌లోని ప్రావిడెన్స్ జట్టుకు మొదటి బేస్ ఆటగాడు గాయపడితే, బ్రౌన్ యూనివర్సిటీ విద్యార్థి విలియం ఎడ్వర్డ్ వైట్‌ను తీసుకున్నారు. నాలుగు ప్రయత్నాల్లో ఒక హిట్ కొట్టాడు, జట్టు గెలిచింది, మళ్లీ ఆడలేదు. శతాబ్దం దాటాక పరిశోధకులు అతని మూలాలు వెతికారు. జార్జియాలోని ఒక తెల్లజాతి భూస్వామి తన వీలునామాలో, విలియం ఎడ్వర్డ్ వైట్ తన సేవకురాలు హానా పిల్లల్లో ఒకడని రాశాడు. హానా ఆ ఇంట బానిసగా ఉన్న మిశ్రమజాతి స్త్రీ. వైట్ మాత్రం జీవితాన్ని తెల్లజాతివాడిగానే గడిపాడు.

కాబట్టి ‘మొదటివాడు’ అంటే వంశమూలాలా, లేక లోకం అతన్ని చూసిన తీరా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. వంశం లెక్కన, ఇప్పటికి దొరికిన ఆధారాల ప్రకారం, వైట్. నల్లవాడిగా తెలిసి, నల్లవాడిగా తిట్లు తిని, బహిరంగంగా ఆడినవారిలో వాకర్. నిషేధం పాతుకుపోయాక దాన్ని బద్దలుకొట్టినవాడు రాబిన్సన్. మేజర్ లీగ్ అని కాకుండా జీతం తీసుకుని ఆడిన తొలి నల్లజాతి ఆటగాడెవరని అడిగితే, 1878లోనే తెల్లజాతి జట్లతో ఆడిన బడ్ ఫౌలర్ పేరు చెబుతారు. ఫౌలర్‌కు 2022లో బేస్‌బాల్ దిగ్గజాల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. వాకర్‌కు అక్కడ ఇంకా చోటు లేదు. 42 మ్యాచ్‌లు చాలవనే వాదన ఒకవైపు, ఆ సంఖ్య 42 దగ్గర ఎందుకు ఆగిపోయిందో చూడాలనే వాదన మరోవైపు ఉన్నాయి.